పాత అనలాగ్ మెషీన్ కొనాలా, ప్లగిన్ చాలా? హైదరాబాద్ హోమ్ స్టూడియో వాళ్ళ కోసం సమగ్ర మార్గదర్శి

యూసుఫ్‌గూడలో ఓ అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో నా స్టూడియో. జానపద పాటలు, భక్తి పాటలు, యాడ్ జింగిల్స్, షార్ట్ ఫిల్మ్‌ల బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్, ఏది వస్తే అది చేస్తాం. మూలన ఒక రోలాండ్ జూనో-106 ఉంటుంది, 1984లో మార్కెట్లోకి వచ్చిన అనలాగ్ సింథసైజర్ (సింథ్), అంటే ఎలక్ట్రానిక్ సర్క్యూట్లతో శబ్దం పుట్టించే కీబోర్డు వాయిద్యం. ఇలాంటి పరికరాల పనిని కంప్యూటర్‌లో చేసే సాఫ్ట్‌వేరే ప్లగిన్. కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు దాని స్లయిడర్లు రెండు నిమిషాలు అటూ ఇటూ జరిపి చూసి, "అన్నా, ఇది నిజంగా కావాలా, ప్లగిన్ చాలదా?" అని అడుగుతారు. ఒక్క మాటలో చెప్పి పంపించేయడం నాకు ఇష్టం ఉండదు. ఆ ఒక్క మాట నమ్ముకుని ఎవరో అప్పు చేసి లక్షో రెండు లక్షలో పెట్టేస్తారు, లేదంటే చేతికి అలవాటైన మంచి మెషీన్‌ని అమ్ముకుని తర్వాత బాధపడతారు. రెండూ నా కళ్ళ ముందే జరిగాయి.

ముందే చెప్పేస్తున్నాను. అందరూ "సౌండ్ ఏది బాగుంటుంది" అనే దగ్గర మొదలుపెడతారు. నా లెక్కలో అది మూడో ప్రశ్న. మొదటిది, మీరు రోజూ చేసే పని ఎలాంటిది. రెండోది, అది పాడైతే బాగుచేసే మనిషి మీకు అందుబాటులో ఉన్నాడా. ఈ రెండింటికీ జవాబు దొరికాక సౌండ్ గురించి కూర్చుంటే చాలాసార్లు సగం నిర్ణయం అప్పటికే అయిపోయి ఉంటుంది.

మొదటి అడుగు: మీ పని ఏంటో కాగితం మీద రాయండి

గత ఆరు నెలల్లో చేసిన ప్రాజెక్టులు వరుసగా రాసి, ఒక్కోదాని పక్కన మూడు విషయాలు నోట్ చేయండి. ఫైనల్ ఇచ్చాక ఎన్నిసార్లు మార్పులు అడిగారు? ఒకే రకం పరికరం ఎన్ని ట్రాకుల మీద కావాల్సి వచ్చింది? సింథ్ భాగం మీరు వాయించారా, మౌస్‌తో గీశారా?

మార్పుల సంగతి ఎందుకంటే, మన దగ్గర పని ఎలా నడుస్తుందో మీకు తెలుసు. బోనాల సీజన్ ముందు రాత్రి పదకొండింటికి ఫోన్ వస్తుంది, "రెండో చరణంలో ఆ సింథ్ కొంచెం తగ్గించి, ఇంకొంచెం పదునుగా పెట్టు, పొద్దున అప్‌లోడ్ ఉంది" అంటారు. ప్లగిన్ అయితే ప్రాజెక్ట్ తెరవగానే ప్రతి నాబ్ మొన్న ఎక్కడ వదిలారో అక్కడే ఉంటుంది. జూనో-106లో 128 ప్యాచ్‌లు (సెట్ చేసుకున్న సౌండ్‌లు) దాచుకోవచ్చు, అది కొంత నయం. కానీ మినీమూగ్ మోడల్ డి లాంటి సింథ్ అయితే 1970 నాటి డిజైన్, మెమరీ అనేదే లేదు. నాబ్‌లన్నీ ఫోటో తీసి పెట్టుకుని మళ్ళీ అలాగే తిప్పినా అదే సౌండ్ దగ్గరికి వస్తుంది తప్ప అచ్చం అదే రాదు. నెలకు పది ప్రాజెక్టులు, ప్రతిదానికీ నాలుగు మార్పులు ఉన్నవాళ్ళు ఇక్కడే ప్లగిన్ వైపు మొగ్గాలి. సొంత ఆల్బమ్ తీరిగ్గా చేసుకునేవాళ్ళకి, లైవ్‌లో వాయించేవాళ్ళకి ఈ ఇబ్బంది పెద్దగా ఉండదు.

రెండో అడుగు: పరికరం ఏ రకమో చూసి జవాబు మార్చండి

"అనలాగ్" అని అన్నింటినీ ఒకే గాటన కట్టేయడం వల్లే సగం గొడవ. కంప్రెసర్‌కి (సౌండ్ హెచ్చుతగ్గుల్ని అదుపులో పెట్టే పరికరం) వర్తించేది సింథ్‌కి వర్తించదు.

కంప్రెసర్లు, ఈక్యూలు (కింది, పై స్వరాల్ని పెంచి తగ్గించేవి) తీసుకోండి. 1176 అనే కంప్రెసర్ బిల్ పుట్నమ్ డిజైన్, 1967 నాటిది. దాని అటాక్ (సౌండ్‌ని పట్టుకోవడానికి తీసుకునే సమయం) 20 మైక్రోసెకన్ల నుంచి 800 మైక్రోసెకన్ల మధ్య ఉంటుంది, అంటే అన్నింటికన్నా నిదానమైన సెట్టింగ్‌లో కూడా ఒక మిల్లీసెకను లోపే పట్టేస్తుంది. ఎల్‌ఏ-2ఏ అనే ఇంకో కంప్రెసర్ దీనికి పూర్తి వేరు. లోపల ఒక వెలుగు పలక, ఆ వెలుగును చూసి స్పందించే సెల్ ఉంటాయి, అందుకే అది మెల్లగా పట్టి ఇంకా మెల్లగా వదులుతుంది. గొంతు మీద అది అంత హాయిగా ఉండటానికి కారణం అదే. ఈ రెండింటికీ ఇప్పుడున్న ఎమ్యులేషన్లు (వాటిని అనుకరించే ప్లగిన్లు) చాలా బాగున్నాయి. హార్డ్‌వేర్ ఒకటి కొంటే ఒకసారికి ఒక ట్రాక్ మీదే పనిచేస్తుంది. అదే డబ్బులో పదో వంతు పెడితే ప్లగిన్ ఇరవై ట్రాకుల మీద పెట్టుకోవచ్చు. మిక్సింగ్ కోసం అయితే నా సలహా స్పష్టం, ప్లగిన్ తీసుకోండి. ఆ మిగిలిన డబ్బు గదికి అకౌస్టిక్ ప్యానెళ్ళు వేయించడానికి పెట్టండి. గది సరిగ్గా లేకపోతే ఈ తేడాలు అసలు వినపడవు.

ఒక చిన్న హెచ్చరిక. 1176లో అటాక్ నాబ్ కుడివైపు తిప్పితే వేగం పెరుగుతుంది, మామూలు ప్లగిన్లకి ఇది తలకిందులు. చాలా ఎమ్యులేషన్లు అసలుదానిలాగే ఈ పద్ధతిని ఉంచేశాయి. ఇది తెలియక "ఈ ప్లగిన్ డ్రమ్స్‌ని చంపేస్తోంది" అని తిట్టుకున్నవాళ్ళని చూశాను.

సింథ్‌ల దగ్గరికి వస్తే కథ వేరు. అవి చేత్తో వాయించే వాయిద్యాలు. ఫిల్టర్ కటాఫ్ (పై స్వరాల్ని ఎక్కడ కోయాలో చెప్పే నాబ్) మీద ఎడమ చేయి, కీల మీద కుడి చేయి పెట్టి పాట నడుస్తుండగా తెరుస్తూ మూస్తూ వాయించడం, ఆ పని మౌస్‌తో చేసినప్పుడు వచ్చే సంగీతమే వేరుగా ఉంటుంది. ఫిల్టర్ గణితం కన్నా మీ చేయి చేసే పనిలో ఉంది తేడా అంతా. అలాగని మోటు తేడాలు లేవని కాదు, రెజొనెన్స్ (ఆ కోత దగ్గరి స్వరాల్ని ఎత్తి చూపేది) పూర్తిగా పెంచి ఫిల్టర్‌ని కేక పెట్టించినప్పుడు, ఆసిలేటర్లను (శబ్దం పుట్టించే సర్క్యూట్లు) ఒకదానితో ఒకటి మాడ్యులేట్ చేసినప్పుడు కొన్ని ప్లగిన్లు ఇప్పటికీ పలచబడతాయి. మెత్తటి ప్యాడ్ మాత్రమే కావాలంటే ఆ తేడా మీకు అక్కరకు రాదు.

టేప్ ఎకోలు, అంటే టేప్‌తో ప్రతిధ్వని పుట్టించేవి, ఉదాహరణకి రోలాండ్ ఆర్‌ఈ-201 స్పేస్ ఎకో. లోపల టేప్ చుట్ట తిరుగుతూ ఉంటుంది, హెడ్‌లు అరుగుతాయి, టేప్ మార్చాలి, రోలర్లు తుడవాలి. సౌండ్ అద్భుతం. కానీ హైదరాబాద్ దుమ్ములో దాన్ని మంచి స్థితిలో ఉంచడం ఒక పూచీ. ప్లగిన్ తీసుకుని ఫీడ్‌బ్యాక్ నాబ్‌ని ఒక మిడి కంట్రోలర్‌కి (ప్లగిన్‌ని చేత్తో నడిపే నాబ్‌ల పెట్టె) కట్టేసి వాయిస్తూ తిప్పండి.

డ్రమ్ మెషీన్లకి శాంపిల్స్ (రికార్డ్ చేసి పెట్టిన దెబ్బలు) చాలు. టీఆర్-808 కిక్ ప్రతి దెబ్బకీ కొద్దిగా మారుతుంది అన్నది నిజమే, ఒకే నోట్‌కి పది వేర్వేరు దెబ్బలు రికార్డ్ చేసిన శాంపిల్ ప్యాక్ దొరికితే ఆ వెలితి కూడా తీరుతుంది.

ఇక్కడ ఒక మాట. 1982లో బొంబాయిలో సంగీతకారుడు చరణ్‌జిత్ సింగ్ గారు రోలాండ్ టీబీ-303, టీఆర్-808, జూపిటర్-8 పెట్టుకుని హిందుస్తానీ రాగాలు వాయించి రికార్డ్ చేశారు. ఇవాళ అవి మూడూ మ్యూజియం సరుకులా అమ్ముడుపోతున్నాయి, కానీ ఆ రోజు ఆయన చేతిలో ఉన్నవి అప్పుడప్పుడే వచ్చిన కొత్త పరికరాలు. తన కాలంలో దొరికిన వస్తువుని ఆయన చేతికి అలవాటు చేసుకున్నారు. "ఒరిజినల్ లేకపోతే ఆ సంగీతం రాదు" అని ఎవరైనా అన్నప్పుడు నాకు ఆయనే గుర్తొస్తారు.

మూడో అడుగు: చెవి పరీక్ష, కళ్ళు మూసుకుని

ఇది అందరూ వదిలేసే అడుగు. దయచేసి వదలకండి. తెలిసిన స్టూడియోలో మీరు కొనాలనుకుంటున్న మెషీన్ ఉంటే ఒక గంట అడిగి తీసుకోండి.

ఒకే మిడి ఫైల్‌ని (ఏ నోట్ ఎప్పుడు మోగాలో రాసి ఉండే ఫైల్) మెషీన్‌లోకి, దాని ప్లగిన్‌లోకి పంపండి. చెవితోనే రెండు ప్యాచ్‌లనీ వీలైనంత దగ్గరికి తెండి, స్లయిడర్ల స్థానాలు చూసి కాపీ కొట్టకండి, ఎందుకంటే పాత మెషీన్‌లో విడిభాగాలు నలభై ఏళ్ళలో జరిగిపోయి ఉంటాయి. పైగా ప్లగిన్ చేసినవాళ్ళు కొలిచింది వాళ్ళ టేబుల్ మీద ఉన్న ఫలానా మెషీన్‌ని. మీ ఎదురుగా ఉన్నదానికీ దానికీ తేడా ఉండటం సహజం. రెండింటినీ ఆడియోగా రికార్డ్ చేయండి.

ఇప్పుడు అసలైన పని, వాల్యూమ్ సమానం చేయడం. లౌడ్‌నెస్ మీటర్ పెట్టి రెండు ఫైళ్ళ మధ్య తేడా 0.2 డెసిబెల్ లోపలికి తీసుకురండి. ఒక డెసిబెల్ ఎక్కువ ఉన్నా చాలు, మన చెవి దాన్ని "ఇంకా నిండుగా ఉంది, ఇంకా వెచ్చగా ఉంది" అనుకుంటుంది. ఇంటర్నెట్‌లో కనిపించే పోలికల్లో చాలా వాటికి ఈ ఒక్క జాగ్రత్తే ఉండదు. తర్వాత ఫ్రెండ్‌ని కూర్చోబెట్టి పదిసార్లు ఏదో ఒకటి వినిపించమనండి, ఏది ఏదో మీరు కాగితం మీద రాయండి, వాళ్ళు వేరే కాగితం మీద రాసుకోవాలి. చివర్లో మాత్రమే కలిపి చూడండి. పదికి ఎనిమిదో అంతకన్నా ఎక్కువో సరిగ్గా చెబితే గాలివాటుగా అలా కుదరడానికి అవకాశం ఐదున్నర శాతం దగ్గర ఉంటుంది, తొమ్మిదో పదో చెబితే ఒక శాతం. ఐదో ఆరో వచ్చాయంటే బొమ్మా బొరుసూ వేసినట్టే.

నేను చేసినప్పుడు ఏమైందో చెబుతాను. జూనోని ఒంటరిగా వినిపిస్తే పదికి తొమ్మిది సరిగ్గా చెప్పాను, చాలా సంతోషపడ్డాను. కానీ ఎలా చెప్పానంటే, అసలు మెషీన్‌లో కోరస్ (సౌండ్‌ని నిండుగా, వెడల్పుగా చేసే ఎఫెక్ట్) ఆన్ చేస్తే సన్నగా బుస్సుమనే శబ్దం వస్తుంది, నోట్ ఆగాక ఆ బుస వినిపించింది, దాన్ని పట్టుకున్నాను. అదే భాగాన్ని డప్పులు, డోలక్, బేస్, గొంతు ఉన్న పాటలో పెట్టి మళ్ళీ చేస్తే ఐదు వచ్చాయి. ఆ రోజు నా మనసులో చాలా ఏళ్ళుగా ఉన్న ఒక వాదన ఆగిపోయింది. కాబట్టి పరీక్ష తప్పకుండా రెండుసార్లు చేయండి, ఒంటరిగా ఒకసారి, మీరు రోజూ చేసే లాంటి పాటలో పెట్టి ఒకసారి. మీకు డబ్బు తెచ్చేది రెండోది.

నాలుగో అడుగు: రిపేరు చేసే మనిషిని ముందు వెతకండి, మెషీన్‌ని తర్వాత

నా జూనోని మా పిన్ని కొడుకు జపాన్‌లో ఒక చిన్న సెకండ్ హ్యాండ్ షాపులో కొని తెచ్చాడు. నాలుగు నెలలు బ్రహ్మాండంగా పనిచేసింది. మే నెలలో ఒక మధ్యాహ్నం వాయిస్తుంటే ప్రతి ఆరో నోట్ దగ్గర టపటపమని చిటికెలు వేసినట్టు శబ్దం, రెండు రోజులకి ఆ నోట్ పూర్తిగా మూగబోయింది.

ప్రతి ఆరో నోట్ అనగానే జూనో తెలిసినవాళ్ళకి విషయం అర్థమైపోతుంది. దానిలో ఆరు వాయిస్‌లు ఉంటాయి (ఒక్కో వాయిస్ ఒకసారికి ఒక నోట్ పలికిస్తుంది), ఒక్కో వాయిస్‌కీ 80017ఏ అనే చిప్ ఒకటి, ఫిల్టర్, వాల్యూమ్ రెండూ దానిలోనే. ఆ చిప్ మీద పోసిన పూత ఏళ్ళు గడిచేకొద్దీ కరెంటుని కొద్దికొద్దిగా లీక్ చేయడం మొదలుపెడుతుంది, చిప్ చచ్చిపోతుంది. ప్రపంచమంతా జూనో-106 ఉన్నవాళ్ళందరికీ ఉన్న బాధ ఇది. ఆ బోర్డు పట్టుకుని కోటి గుజరాతీ గల్లీకి వెళ్ళాను. కెపాసిటర్లు, ట్రాన్సిస్టర్లు, స్విచ్‌లు, కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే అన్నీ అక్కడ దొరుకుతాయి. ఈ చిప్ మాత్రం దొరకదు, అది రోలాండ్ సొంతంగా చేయించుకున్న భాగం. ఆంప్లిఫయర్లు బాగుచేసే ఒక పెద్దాయన బోర్డు చూసి, "తీసి పెట్టగలను బాబూ, కానీ బోర్డు మీద రాగి పట్టీ లేచిపోకుండా తీయాలి, రెండు గంటలు కూర్చోవాలి" అన్నాడు. నిజంగానే రెండు గంటలు పట్టింది. వేడి ఎక్కువైతే పట్టీ లేస్తుంది, తక్కువైతే కాలు కదలదు. ఒక్కో కాలు దగ్గర టంకం కరిగించి పీల్చేసి, చిప్‌ని వేలితో ఊపి చూసి, మళ్ళీ కరిగించి, అలా అన్ని కాళ్ళూ. తీసిన చిప్‌ని గాజు సీసాలో అసిటోన్ పోసి నానబెట్టాను. రెండో రోజుకి పూత మెత్తబడి పొరలుగా ఊడొచ్చింది, లోపల చిన్న సర్క్యూట్ బయటపడింది. మళ్ళీ టంకం పెట్టాక ఆ వాయిస్ బతికింది. అసిటోన్ వైద్యం ప్రతిసారీ ఫలించదు, ఫలించనప్పుడు కొత్తగా తయారుచేసి అమ్ముతున్న బదులు చిప్‌లు విదేశాల నుంచి తెప్పించుకోవాలి.

ఇంత వివరంగా ఎందుకు రాశానంటే, మీరు కొనాలనుకునే మెషీన్‌కి ఇలాంటి తెలిసిన జబ్బు ఏదో ఒకటి ఉంటుంది. కొనకముందే ఆ జబ్బు పేరు తెలుసుకోండి, సర్వీస్ మాన్యువల్ పీడీఎఫ్ దింపుకోండి, ఆ కాగితాలు పట్టుకెళ్ళి రిపేరు చేసే మనిషికి చూపించి "ఇది చేయగలరా" అని అడగండి. ఆయన తల అడ్డంగా ఊపితే ఆ మెషీన్ మీకు వద్దు, ఎంత తక్కువకి వచ్చినా సరే.

ఐదో అడుగు: చూడ్డానికి వెళ్ళినప్పుడు

వెళ్ళగానే వాయించకండి. ముందు ఆన్ చేసి అరగంట వదిలేయండి, కబుర్లు చెప్పుకోండి. చల్లగా ఉన్నప్పుడు కనిపించని లోపాలు వేడెక్కాక బయటపడతాయి. అమ్మేవాళ్ళు "ఇప్పుడే ఆన్ చేసి పెట్టాను" అంటే ఆఫ్ చేయించి, చల్లారాక మళ్ళీ ఆన్ చేయించండి, రెండు స్థితుల్లోనూ వినాలి.

జూనో-106 అయితే కీ ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి పట్టుకుని పవర్ ఆన్ చేయండి, టెస్ట్ మోడ్‌లోకి వెళుతుంది. అప్పుడు ఒక్కో కీ నొక్కుతుంటే ఏ వాయిస్ మోగుతోందో దాని నంబర్ డిస్‌ప్లేలో కనబడుతుంది. ఆరూ విడివిడిగా వినండి. ఫిల్టర్ సగం మూసి, రెజొనెన్స్ పెంచి, ఆరింటిలో ఏదైనా మిగతావాటికన్నా మందంగానో పదునుగానో ఉందేమో చూడండి. ఏ సింథ్ అయినా ఇదే పద్ధతి, ఒకే నోట్‌ని మళ్ళీ మళ్ళీ నొక్కుతూ వాయిస్‌లన్నీ తిరిగొచ్చేదాకా వినడం.

ప్రతి స్లయిడర్‌నీ చివర నుంచి చివరకి జరపండి. గరగరమంటే అది దుమ్ము, క్లీనింగ్‌తో పోవచ్చు. మధ్యలో సౌండ్ ఎగిరి పడుతుంటే ట్రాక్ అరిగిపోయినట్టు, భాగం మార్చాలి. మెమరీ ఉన్న మెషీన్లలో లోపల బ్యాటరీ ఉంటుంది, ఎప్పుడు మార్చారో అడగండి, లీకైన బ్యాటరీ బోర్డుని తినేస్తుంది. వీలైతే కవర్ తీసి చూపించమనండి. ఉబ్బిన కెపాసిటర్లు, పచ్చగా పట్టిన తుప్పు, ఎవరో తొందరలో పెట్టిన ముద్ద ముద్ద టంకం కనిపిస్తే ధర గురించి మాట్లాడటం అక్కడే ఆపేయండి. చూడనివ్వను అంటే కూడా అంతే.

ఆరో అడుగు: కరెంటు

మెషీన్ వెనక లేబుల్ చదవండి. జపాన్‌లో అమ్మినవి 100 వోల్టులు, అమెరికావి 120. మన దగ్గర 230. ప్లగ్ దూరింది కదా అని నేరుగా పెట్టేస్తే ఫ్యూజ్ ఒక్కటి పోతే అదృష్టం. నేను ఒకసారి తొందరలో స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ మర్చిపోయి పెట్టాను, ఫ్యూజే పోయింది, కానీ ఆ పది నిమిషాల టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేను. ఇప్పుడు ఆ వైరుకి ఎర్ర టేపు చుట్టి ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ కొనేటప్పుడు మెషీన్ లేబుల్ మీద ఉన్న వాట్లకి కనీసం రెట్టింపు సామర్థ్యం ఉన్నది తీసుకోండి.

ఇంటి ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్ రకం అయితే మెషీన్ లోపలి ట్రాన్స్‌ఫార్మర్ గుయ్యిమంటుంది, సౌండ్‌లోకీ వస్తుంది, ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ కావాలి. 50 హెర్ట్జ్ హమ్ వస్తుంటే ముందు ఎర్తింగ్ చూపించండి. పాత అపార్ట్‌మెంట్లలో మూడో పిన్ చాలాసార్లు పేరుకే ఉంటుంది. అంతేగానీ హమ్ పోవాలని ప్లగ్‌లో ఎర్త్ పిన్ తీసేయకండి, ప్రాణం మీదకి వస్తుంది. ఇంకొకటి, ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లకి వేడి శత్రువు, 10 డిగ్రీలు పెరిగితే జీవితకాలం ఇంచుమించు సగమవుతుందని ఒక మోటు లెక్క. ఏప్రిల్, మే నెలల్లో పై అంతస్తులో ఏసీ లేని గదిలో పాత మెషీన్‌ని రోజంతా ఆన్‌లో ఉంచకండి.

ఏడో అడుగు: పూర్తి ఖర్చు

అడిగిన ధర ఒక్కటే చూసుకుంటే మోసపోతారు. దానికి రవాణా, బయటి నుంచి తెస్తే కస్టమ్స్ సుంకం, పన్ను, ట్రాన్స్‌ఫార్మర్, మొదటి సర్వీసింగ్, ఆడియో ఇంటర్‌ఫేస్‌లో అదనపు ఇన్‌పుట్లు, కేబుళ్ళు, స్టాండ్ కలపండి. విదేశం నుంచి తెప్పించేవాళ్ళు డబ్బు కట్టకముందే కస్టమ్స్ ఏజెంట్‌ని అడిగి సుంకం లెక్క రాయించుకోండి, బిల్లు, సీరియల్ నంబర్ ఫోటో దగ్గర ఉంచుకోండి. నా పద్ధతి ఏమిటంటే, మెషీన్‌కి లక్ష పెట్టగలిగితే డెబ్బై వేల మెషీన్ చూస్తాను, ముప్పై వేలు పక్కన ఉంచుతాను. ఆ ముప్పై ఎప్పుడూ మిగల్లేదు.

మరోవైపు న్యాయంగా చెప్పాలంటే, మంచి స్థితిలో ఉన్న పాత మెషీన్‌ని తిరిగి అమ్ముకోవచ్చు, కొన్నిసార్లు కొన్నదానికన్నా ఎక్కువకే. ప్లగిన్ లైసెన్స్ అలా అమ్ముడుపోదు, కొన్ని కంపెనీలు బదిలీనే ఒప్పుకోవు. పైగా సాఫ్ట్‌వేర్ కూడా ముసలిదవుతుంది. 2019లో మ్యాక్‌ఓఎస్ కాటలీనా వచ్చినప్పుడు 32 బిట్ ప్రోగ్రాములన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి, అప్‌డేట్ ఇవ్వని ప్లగిన్లతో చేసిన పాత ప్రాజెక్టులు తెరిస్తే ఖాళీ స్లాట్లు కనిపించాయి. 2023 మార్చిలో ఒక పెద్ద ప్లగిన్ కంపెనీ ఇకమీదట నెలవారీ చందా మాత్రమేనని ప్రకటించి, జనం గోల చేశాక కొద్ది రోజుల్లోనే వెనక్కి తగ్గింది.

మధ్యలో మూడో దారి ఒకటి ఉంది, దాన్ని చాలామంది మర్చిపోతారు. కొత్తగా తయారవుతున్న అనలాగ్ సింథ్‌లు. కోర్గ్ ఎంఎస్-20 మినీ 2013లో, మినీలాగ్ 2016లో వచ్చాయి, ప్రాఫెట్-5ని 2020లో మళ్ళీ తెచ్చారు, బెరింజర్ మోడల్ డి అయితే తక్కువ ధరలోనే దొరుకుతుంది. నిజమైన ఆసిలేటర్లు, నిజమైన ఫిల్టర్, వారంటీ, మన కరెంటుకి సరిపడే అడాప్టర్. మొదటిసారి అనలాగ్ కొనేవాళ్ళకి నేను చెప్పేది దాదాపు ఎప్పుడూ ఇదే.

ఎనిమిదో అడుగు: ప్లగిన్ అనుకుంటే దాన్ని సరిగ్గా వాడండి

"ప్లగిన్ చప్పగా ఉంది" అనేవాళ్ళలో చాలామంది లెవెల్ తప్పుగా ఇస్తుంటారు. అనలాగ్ పరికరాలకి సున్నా వీయూ (వాటి ముల్లు మీటర్ మీద సున్నా గీత) దగ్గర ఒక హాయైన స్థానం ఉంటుంది, చాలా ఎమ్యులేషన్లు దాన్ని డిజిటల్ మీటర్‌లో −18 డెసిబెల్ దగ్గర అమర్చాయి. మీరు ట్రాక్‌ని −3 దగ్గర కొట్టి పంపిస్తే పదిహేను డెసిబెల్ ఎక్కువ తోస్తున్నట్టు. ముందు ట్రాక్ సగటు లెవెల్‌ని −18 చుట్టుపక్కలకి దించి, ప్లగిన్ పెట్టి, తర్వాత వాల్యూమ్ పెంచుకోండి.

ఓవర్‌శాంప్లింగ్ (ప్లగిన్ లోపల ఎక్కువ శాంపిల్ రేటుతో లెక్క కట్టడం) అనే స్విచ్ ఉంటే ఆన్ చేయండి. 44.1 కిలోహెర్ట్జ్ ప్రాజెక్ట్‌లో 22.05 కిలోహెర్ట్జ్ దాటిన స్వరాలకి చోటు ఉండదు. శాచురేషన్ (సౌండ్‌ని గట్టిగా తోసి చిక్కబరచడం) వల్ల పుట్టే పై హార్మోనిక్స్ (అదనపు పై స్వరాలు) ఆ గీత దాటితే వెనక్కి మడతపడి, సంగీతంతో సంబంధం లేని గరుకు శబ్దాలుగా దిగుతాయి, ఓవర్‌శాంప్లింగ్ దాన్ని తగ్గిస్తుంది. కంజీర, మంజీర, తాళాల లాంటి పై స్వరాల శబ్దాల మీద ఇది బాగా తెలుస్తుంది. సీపీయూ తట్టుకోకపోతే వాయించేటప్పుడు ఆపేసి, ఫైనల్ బౌన్స్‌కి (పాటని ఆడియో ఫైల్‌గా తీసేటప్పుడు) ఆన్ చేయండి.

వాయించేటప్పుడు బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతకి పోగుచేసుకునే ఆడియో) 128 శాంపిల్స్‌కి పెట్టండి, 44.1లో అది 2.9 మిల్లీసెకన్లు. 1024లో అయితే 23 మిల్లీసెకన్లు, కీ నొక్కిన చేతికీ చెవికీ మధ్య ఎడం తెలిసిపోతుంది, ఆ ఎడమే మీకు "ప్రాణం లేదు" అనిపిస్తుంది. నాబ్‌లున్న ఒక మిడి కంట్రోలర్ కొని కటాఫ్, రెజొనెన్స్, అటాక్, రిలీజ్, ఎల్‌ఎఫ్‌ఓ (సౌండ్‌ని మెల్లగా ఊపేది) వేగం వీటికి ఐదు నాబ్‌లు కట్టేయండి, అన్ని ప్రాజెక్టుల్లోనూ అవే నాబ్‌లు అదే వరుసలో ఉండాలి. నెలరోజుల్లో చేయి చూడకుండానే వెళుతుంది.

డబ్బు పెట్టకముందు ఉచితంగా దొరికేవి వాడి చూడండి. సర్జ్ ఎక్స్‌టీ, టాల్ నాయిస్‌మేకర్ రెండూ ఉచితం, మొదటిదాన్ని నేను డబ్బు తీసుకుని చేసిన పాటల్లోనే ఎన్నోసార్లు వాడాను. కొనాల్సినవి ఉంటే ట్రయల్ దింపుకోండి, నవంబర్ ఆఖర్లో వచ్చే బ్లాక్ ఫ్రైడే దాకా ఆగండి.

తొమ్మిదో అడుగు: రెండూ కలిపి నడపడం

నా దగ్గర ఇప్పుడు ఎలా నడుస్తుందో చెబుతాను. లోపలికి వచ్చే దారిలో నిజమైన ప్రీఆంప్ (మైక్ సిగ్నల్‌ని పెంచే పరికరం) ఒకటి, వాయించడానికి జూనో ఒకటి, మిగతా అంతా సాఫ్ట్‌వేరే. ట్యూన్ మొదలుపెట్టేది జూనో మీదే, ఎందుకంటే దాని ముందు కూర్చుంటే స్క్రీన్ చూడను, వింటాను. పాట ఒక రూపానికి వచ్చాక క్లయింట్ మార్పులు ఎక్కువ అడిగే రకం అని తెలిస్తే ఆ భాగాన్ని ప్లగిన్‌లోకి మార్చేస్తాను. కాకపోతే జూనోని ఆడియోగా రికార్డ్ చేసి, మిడిని కూడా పక్కనే ఉంచుతాను. రెండూ ఉంటే అర్ధరాత్రి ఫోన్ వచ్చినా ఇబ్బంది లేదు.

మీరు పాత మెషీన్ కొంటే, కొన్న రోజే దాని ప్యాచ్‌లన్నీ మిడి సిస్‌ఎక్స్ (మెషీన్ సెట్టింగులు మోసే మిడి సందేశాలు) ద్వారానో టేప్ అవుట్‌పుట్ ద్వారానో బ్యాకప్ తీసి పెట్టండి. ప్రాజెక్ట్ ముగిశాక ప్లగిన్ ట్రాకులతో సహా అన్నింటినీ వేవ్ ఫైళ్ళుగా బౌన్స్ చేసి దాచండి, పదేళ్ళ తర్వాత ఏ ప్లగిన్ తెరుచుకుంటుందో చెప్పలేం, వేవ్ ఫైల్ తెరుచుకుంటుంది. వాడకపోయినా పదిహేను రోజులకోసారి మెషీన్‌ని ఆన్ చేసి, స్లయిడర్లన్నీ పదేసి సార్లు జరిపి, గంటసేపు వాయించండి. వానాకాలంలో కవర్ లోపల సిలికా జెల్ సంచులు పెట్టి, నెలకోసారి మార్చండి. అట్టముక్క మీద రిపేరు తేదీలు, మార్చిన భాగాల పేర్లు రాసి మెషీన్ అడుగున అతికించండి, నా జూనో అట్ట మీద ఇప్పటికి నాలుగు వరుసలున్నాయి, మూడో వాయిస్ రెండుసార్లు.